పైసా కూడా లేని క్రిప్టో కాయిన్ రూపాయి అవుతుందా? కొనే ముందు లెక్క వేసుకోవడం ఎలా

ధర డాలరులో లక్షో వంతు ఉన్నప్పుడు పదివేల రూపాయలు పెడితే కోటికి పైగా షిబా ఇను కాయిన్లు వస్తాయి. ఎప్పటికైనా ఒక్కో కాయిన్ ఒక్క రూపాయికి చేరితే చాలు, ఆ పదివేలు కోటి దాటిపోతాయి. యూట్యూబ్ వీడియోల్లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఈ మాట విని నమ్మినవారు మన మధ్య చాలామంది ఉన్నారు. జీతంలో మిగిల్చుకున్నదీ, చీటీ పాడితే వచ్చినదీ, కొందరైతే బంగారం తాకట్టు పెట్టి తెచ్చినదీ ఇందులో పెట్టారు. వాళ్లను తప్పుపట్టడానికి నేను ఇది రాయడం లేదు. ఒక్క రూపాయి ఎంత చిన్నది, అక్కడికి కూడా చేరదా అనిపించడం సహజం. కానీ ఆ రూపాయి ఎంత దూరంలో ఉందో చెప్పే లెక్కను ఆ వీడియోలు చూపించవు. దాన్ని మీరే వేసుకోవచ్చు. గుణకారం, భాగహారం వస్తే చాలు.

ఎక్కువగా షిబా ఇనునే ఉదాహరణగా తీసుకుంటాను. మీరు చూస్తున్నది వేరే కాయిన్ అయితే అంకెలు మార్చుకోండి. పద్ధతి మారదు.

1. ధరను పక్కన పెట్టి, కాయిన్లు ఎన్ని ఉన్నాయో చూడండి

కాయిన్‌గెకో, కాయిన్‌మార్కెట్‌క్యాప్ లాంటి సైట్లలో ఏ కాయిన్ పేజీ తెరిచినా మూడు సంఖ్యలు ఉంటాయి. ఇప్పుడు చలామణిలో ఉన్నవి ఎన్ని, ఇప్పటివరకు తయారైనవి ఎన్ని, ఎప్పటికైనా ఉండగలిగే గరిష్ఠం ఎంత. మొదటిదీ చివరిదీ కాగితం మీద రాసుకోండి. బిట్‌కాయిన్‌కు గరిష్ఠం 2.1 కోట్లు. కార్డానోకు 4,500 కోట్లు. ఎక్స్‌ఆర్‌పీకి 10,000 కోట్లు. షిబా ఇను చలామణిలో సుమారు 589 లక్షల కోట్లు ఉంది. డోజ్‌కాయిన్‌కు గరిష్ఠం అంటూ ఏదీ లేదు.

చవక అనే భ్రమ పుట్టేది ఇక్కడే. ఎకరం కోటి రూపాయలు పలికే చోట గజం రెండు వేల చిల్లర పడుతుంది. అక్కడ గజాల్లో కొంటే భూమి చవకగా వచ్చిందని ఎవరూ అనుకోరు, ఎందుకంటే మారింది కొలత మాత్రమే. క్రిప్టోలో ఆ కొలతను కాయిన్ తయారుచేసినవారు తమ ఇష్టప్రకారం పెట్టుకుంటారు. 2020 ఆగస్టులో ర్యోషి అనే మారుపేరుతో ఒకరు షిబా ఇనును మొదలుపెట్టినప్పుడే 1,000 లక్షల కోట్ల కాయిన్లు సృష్టించారు. ధరలో అన్ని సున్నాలు ఉండడానికి కారణం అది. 2022 జనవరిలో బిట్‌టోరెంట్ అనే టోకెన్ (టోకెన్ అన్నా ఇక్కడ కాయిన్ అనే అనుకోండి) నిర్వాహకులు ఒక్కో పాత టోకెన్‌కు 1,000 కొత్త టోకెన్లు ఇచ్చారు. దానికి తగ్గట్టే ధర వెయ్యో వంతుకు దిగింది. దానివల్ల ఎవరూ ధనవంతులు కాలేదు, ఎవరూ నష్టపోలేదు. అయితే ఆ తర్వాత కొత్తగా చూసినవారికి మాత్రం అది ఇంకా ఎంతో ఎత్తుకు వెళ్లగల చవక కాయిన్‌లా కనిపించి ఉంటుంది.

2. మీకు చెప్పిన లక్ష్యాన్ని ఆ సంఖ్యతో గుణించండి

ఒక్కో కాయిన్ ధరను చలామణిలో ఉన్న కాయిన్ల సంఖ్యతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ విలువ. ఈ వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇదే చేయండి.

షిబా ఇను ఒక్క రూపాయి కావాలంటే దాని మార్కెట్ విలువ 589 లక్షల కోట్ల రూపాయలు కావాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం ఖర్చు 50 లక్షల కోట్ల రూపాయల పైచిలుకు. అలాంటి బడ్జెట్లు పదకొండు కలిపినా ఈ మొత్తానికి చాలవు. 2024-25లో మన దేశం ఏడాది పొడవునా ఉత్పత్తి చేసిన వస్తువులు, సేవల విలువ మొత్తం సుమారు 330 లక్షల కోట్ల రూపాయలు. పొలాల్లో పండినది, ఫ్యాక్టరీల్లో తయారైనది, హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీలు సంపాదించినది అంతా అందులోనే ఉంది. కుక్క బొమ్మ ఉన్న ఒక కాయిన్ దానికంటే చాలా పెద్దది కావాలి.

లక్ష్యం రూపాయి కాకుండా డాలరు అయితే 589 లక్షల కోట్ల డాలర్లు కావాలి. ప్రపంచ దేశాలన్నిటి వార్షిక ఉత్పత్తి కలిపితే సుమారు 110 లక్షల కోట్ల డాలర్లు. డాలరు లక్ష్యం గురించి ఇంతకు మించి మాట్లాడాల్సిన అవసరం లేదు. కాస్త వినయంగా కనిపించే లక్ష్యం ఒక్క సెంటు. దానికి 5.89 లక్షల కోట్ల డాలర్లు కావాలి. 2025 అక్టోబరులో బిట్‌కాయిన్ 1.26 లక్షల డాలర్ల శిఖరాన్ని తాకినప్పుడు దాని మార్కెట్ విలువ సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లు. అంటే షిబా ఇను ఒక్క సెంటు కావాలన్నా బిట్‌కాయిన్ అత్యున్నత స్థాయికి రెట్టింపు దాటాలి. ఎక్స్‌ఆర్‌పీ 100 డాలర్లు అవుతుందనే మాటదీ ఇదే పరిస్థితి. సుమారు 6,000 కోట్ల కాయిన్లు చలామణిలో ఉన్నాయి కాబట్టి 6 లక్షల కోట్ల డాలర్లు కావాలి.

ఇప్పుడు లెక్కను తిప్పి వేయండి. ఇది ఇంకా పనికొస్తుంది. మీ కాయిన్ ఎంత పెద్దది కాగలదని మీరు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారో ఆ మొత్తాన్ని కాయిన్ల సంఖ్యతో భాగించండి. 2021 అక్టోబరులో, జనం ఎగబడి కొంటున్న రోజుల్లో, షిబా ఇను డాలరులో 0.000086 దాకా వెళ్లింది. మార్కెట్ విలువ 4,000 కోట్ల డాలర్లు దాటింది. ఆ ఉన్మాదాన్ని మించి 10,000 కోట్ల డాలర్లకు వెళుతుందనే అనుకుందాం. 589 లక్షల కోట్లతో భాగిస్తే 0.00017 డాలర్లు వస్తుంది. 0.00001 దగ్గర కొన్నవారికి 17 రెట్లు. పదివేలు పెడితే లక్షా డెబ్బై వేలు. ఇది చిన్న లాభమేమీ కాదు, కానీ కోటి కాదు. ఇది కూడా జరిగి తీరుతుందని నేను చెప్పడం లేదు. అన్నీ కలిసివచ్చినా చివరి హద్దు ఎక్కడుందో చూపిస్తున్నాను.

'2030లో ధర, 2040లో ధర' అంటూ అంచనాలు ఇచ్చే పేజీలు కనిపిస్తే, ఆ ధర పక్కన మార్కెట్ విలువ ఎంత అవుతుందో రాశారేమో చూడండి. రాయకపోతే చదవడం అక్కడితో ఆపేయండి.

3. పాత శిఖరాన్ని చూసి ఆశ పెంచుకోకండి

'ఒకప్పుడు 119 డాలర్లు ఉండేది, ఇప్పుడు సెంటు కూడా లేదు, కనీసం ఒక్క డాలరుకైనా తిరిగి రాదా?' 2022 మే తర్వాత టెరా లూనా గురించి చాలామంది వేసుకున్న ప్రశ్న ఇది. ఈ ఆలోచన ఎంతమందిని దెబ్బతీసిందో తలచుకుంటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే దీనికి జవాబు ఆ రోజే అందరి కళ్లెదుట ఉంది.

లూనాకు జంటగా యూఎస్‌టీ అనే కాయిన్ ఉండేది. దాని ధరను ఒక డాలరు దగ్గర నిలబెట్టడానికి, ఎవరు యూఎస్‌టీ తెచ్చి ఇచ్చినా డాలరు విలువైన లూనాను కొత్తగా ముద్రించి ఇచ్చే ఏర్పాటు చేశారు. యూఎస్‌టీ మీద నమ్మకం పోయి అందరూ ఒక్కసారిగా బయటికి రావడంతో లూనా ముద్రణ అదుపు తప్పింది. సుమారు 35 కోట్లు ఉన్న కాయిన్లు కొద్ది రోజుల్లో 6.5 లక్షల కోట్లు అయ్యాయి. ధర సెంటులో వందో వంతు కంటే దిగువకు పడిపోయింది.

ఇప్పుడు రెండో అడుగులోని గుణకారం చేయండి. 119 డాలర్లు పలికిన శిఖరంలో మార్కెట్ విలువ సుమారు 4,000 కోట్ల డాలర్లు. కాయిన్లు 6.5 లక్షల కోట్లు అయ్యాక, ఒక్క డాలరు కావాలంటే 6.5 లక్షల కోట్ల డాలర్లు కావాలి. తన మహర్దశలో ఉన్నదానికి 150 రెట్లు మించి పెరిగితే తప్ప ఆ ఒక్క డాలరు రాదు. గ్రాఫులో పాత శిఖరం అలాగే కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న కాయిన్ల సంఖ్య మారిపోయిందని గ్రాఫు చెప్పదు. అందుకే ఏ కాయిన్ పాత శిఖరం చూసినా, ఆనాటి మార్కెట్ విలువను కూడా వెతికి పక్కన రాసుకోండి.

4. ఎక్కడి నుంచి బయలుదేరుతోందో చూడండి

'బిట్‌కాయిన్ కూడా ఒకప్పుడు ఒక్క డాలరే కదా' అన్న వాదన నిజమే. 2011 ఫిబ్రవరిలో డాలరు, 2024 డిసెంబరులో లక్ష డాలర్లు. లక్ష రెట్లు పెరగడానికి దాదాపు 14 ఏళ్లు పట్టింది. అయితే డాలరు ఉన్న రోజున అప్పటికి తయారైన బిట్‌కాయిన్లు 50 లక్షల పైచిలుకు మాత్రమే. మొత్తం విలువ కూడా 50 లక్షల డాలర్ల పైచిలుకే. ఆ పరుగు దాదాపు సున్నా నుంచి మొదలైంది.

డోజ్‌కాయిన్‌ది మరింత వేగం. 2021 జనవరి మొదట్లో అర సెంటు దగ్గర ఉన్నది మే 8 నాటికి 73 సెంట్లు దాటింది. సుమారు 150 రెట్లు, నాలుగు నెలల్లో. కాబట్టి చవక కాయిన్లు ఎప్పుడూ పెరగవని చెబితే అది అబద్ధమే అవుతుంది. కానీ దాని మార్కెట్ విలువ సుమారు 60 కోట్ల డాలర్ల దగ్గర మొదలై 9,000 కోట్ల డాలర్ల పైన ఆగింది. అమెరికా ప్రభుత్వం కోవిడ్ సాయం పంచిన కాలం, వడ్డీలు సున్నాకు దగ్గరగా ఉన్న కాలం, ఈలాన్ మస్క్ పదేపదే దాని గురించి ట్వీట్లు చేసిన కాలం, అన్నీ ఒకేసారి కలిశాయి.

ఇప్పుడు మీ కాయిన్‌కు మెట్లు గీయండి. షిబా ఇను 0.00001 డాలర్ల దగ్గర ఉంటే మార్కెట్ విలువ 589 కోట్ల డాలర్లు. పది రెట్లు అయితే 5,890 కోట్లు, అంటే 2021 శిఖరం పైకి. వంద రెట్లు అయితే 58,900 కోట్లు. బిట్‌కాయిన్ తర్వాత అతిపెద్దదైన ఇథీరియం 2025 ఆగస్టులో తాకిన శిఖరంతో దాదాపు సమానం. వెయ్యి రెట్లు అయితే మనం ఇందాక చూసిన సెంటు లక్ష్యం, బిట్‌కాయిన్ శిఖరానికి రెట్టింపు పైన. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, 'ఇథీరియం మీద ఎన్నో యాప్‌లు, అప్పుల వ్యాపారాలు, డాలరు విలువకు ముడిపెట్టిన టోకెన్లు నడుస్తున్నాయి, నా కాయిన్ దేనివల్ల అంతటిది అవుతుంది?' అని అడగండి. ఒక్క వాక్యంలో జవాబు రాయలేకపోతే ఆ మెట్టు దగ్గరే గీత గీసేయండి. నా అంచనాలో ఎక్కువ కాయిన్లకు ఆ గీత మొదటి మెట్టులోపే పడుతుంది.

5. రేపు ఎన్ని కాయిన్లు ఉంటాయో కూడా లెక్కలో పెట్టండి

డోజ్‌కాయిన్‌లో ప్రతి నిమిషానికి ఒక బ్లాకు (లావాదేవీల మూట), ప్రతి బ్లాకుకు 10,000 కొత్త కాయిన్లు పుడతాయి. ఏడాదికి సుమారు 500 కోట్లు. ధర 20 సెంట్ల దగ్గర ఉందనుకుంటే, అక్కడే నిలబడాలన్నా ఏటా 100 కోట్ల డాలర్ల కొత్త కొనుగోళ్లు కావాలి. 2021లో సుమారు 12,900 కోట్లు ఉన్న డోజ్‌కాయిన్లు ఇప్పుడు 15,000 కోట్లు దాటాయి. అందుకే ఆనాటి మార్కెట్ విలువ మళ్లీ వచ్చినా ధర 73 సెంట్లకు చేరదు, 62 సెంట్ల దగ్గరే ఆగుతుంది.

కొత్తగా వచ్చే టోకెన్లలో ప్రమాదం మరోలా ఉంటుంది. 2023 జులైలో వరల్డ్‌కాయిన్ మార్కెట్లోకి వచ్చినప్పుడు మొత్తం 1,000 కోట్ల టోకెన్లలో చలామణిలోకి వచ్చినవి 2 శాతం కూడా లేవు. మిగతావి ఏళ్ల తరబడి దశలవారీగా విడుదలవుతాయి. మొదటి నుంచీ పెట్టుబడి పెట్టినవారికి, తయారుచేసిన బృందానికి ఎప్పుడు ఎన్ని టోకెన్లు చేతికి వస్తాయో చెప్పే పట్టిక ప్రాజెక్టు పత్రాల్లో ఉంటుంది. దాన్ని వెతకండి. అలాంటి కాయిన్లకు గుణకారం చలామణి సంఖ్యతో కాకుండా గరిష్ఠ సంఖ్యతో చేయండి.

ఇక 'కాల్చేస్తున్నాం' అనే మాట. ఎవరూ వాడలేని వాలెట్‌కు (కాయిన్లు దాచుకునే ఖాతాకు) కాయిన్లు పంపి శాశ్వతంగా తీసేయడాన్ని బర్న్ అంటారు. షిబా ఇనులో బర్న్ వార్తలు తరచూ వస్తుంటాయి. రోజుకు 100 కోట్లు కాల్చారంటే వినడానికి భారీగా ఉంటుంది. 589 లక్షల కోట్లను 100 కోట్లతో భాగించండి. 5.89 లక్షల రోజులు, అంటే 1,600 సంవత్సరాలకు పైగా. చరిత్రలోని అతిపెద్ద బర్న్‌లలో ఒకటి కూడా ఈ కాయిన్‌లోనే జరిగింది. ర్యోషి మొత్తం కాయిన్లలో సగాన్ని ఇథీరియం సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ వాలెట్‌కు పంపగా, 2021 మేలో ఆయన 410 లక్షల కోట్ల కాయిన్లను కాల్చేశారు. నెల తిరిగేసరికి ధర తగ్గే ఉంది. కాయిన్లు తగ్గితే ధర పెరగాలంటే కొనేవారి డబ్బు తగ్గకుండా ఉండాలి. బర్న్ కొనేవారిని సృష్టించదు.

6. ఆ విలువ నిజంగా చేతికి వస్తుందేమో పరీక్షించండి

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మార్కెట్ విలువ 589 లక్షల కోట్లు కావాలంటే అంత డబ్బు లోపలికి రానక్కర్లేదు కదా? నిజమే, రానక్కర్లేదు. మార్కెట్ విలువ అంటే చివరిగా జరిగిన అమ్మకం ధరను అన్ని కాయిన్లకూ వర్తింపజేసి వేసే లెక్క. ఎవరైనా 100 కోట్ల టోకెన్లు తయారుచేసి, ఒకదాన్ని స్నేహితుడికి రూపాయికి అమ్మితే లెక్క ప్రకారం మార్కెట్ విలువ 100 కోట్ల రూపాయలు. కానీ లోపలికి రాని డబ్బు బయటికి కూడా రాదు. తక్కువ డబ్బుతో పైకి లేచిన ధర, తక్కువ అమ్మకాలతోనే కిందికి దిగుతుంది.

బుటెరిన్ కాల్చకుండా ఉంచిన వాటిలో 50 లక్షల కోట్ల షిబా ఇను కాయిన్లు 2021 మేలో మన దేశానికే వచ్చాయి. పాలిగాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్ సహ వ్యవస్థాపకుడు సందీప్ నైల్వాల్ మొదలుపెట్టిన కోవిడ్ సహాయ నిధికి బుటెరిన్ వాటిని విరాళంగా ఇచ్చారు. ఆ రోజు ధర ప్రకారం విలువ సుమారు 100 కోట్ల డాలర్లు. ఒకేసారి అమ్మితే మార్కెట్ కూలిపోతుందని తెలిసి నెమ్మదిగా అమ్ముతామని నిధి ముందే ప్రకటించాల్సి వచ్చింది. చివరికి చేతికి వచ్చింది ఆ అంకె కంటే బాగా తక్కువ.

మీ స్థాయిలో చేయాల్సిన పరీక్ష సులువు. మొదటి అడుగులో చూసిన సైట్లలోనే ప్రతి ఎక్స్ఛేంజ్ (కాయిన్లు కొని అమ్మే వేదిక) పక్కన, ధర 2 శాతం పడేలోపు ఎంత మొత్తం అమ్మవచ్చో చూపించే అంకె ఉంటుంది. అది కొన్ని వేల డాలర్లే ఉంటే, లక్ష్యం నెరవేరిన రోజున మీతోపాటు అందరూ అమ్మడానికి వస్తారని గుర్తుంచుకోండి. పేరు తెలియని చిన్న టోకెన్ అయితే కొద్ది మొత్తం కొని వెంటనే అమ్మి చూడండి. 2021 నవంబరులో ఒక కొరియా వెబ్‌సిరీస్ పేరు వాడుకుని వచ్చిన టోకెన్ 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో దాదాపు సున్నా అయింది. కొన్నవారికి దాన్ని అమ్మే వీలే లేకుండా చేశారు. సిరీస్ నిర్మాతలకు ఆ టోకెన్‌తో సంబంధం కూడా లేదు.

7. పన్ను తీసేసి చూడండి

భారత్‌లో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు ఉన్నాయి. పదివేలతో కొన్నది లక్షకు అమ్మితే 90,000 లాభం మీద పన్ను 28,080 రూపాయలు. మరో కాయిన్‌లో 40,000 పోగొట్టుకున్నా దాన్ని ఇందులో తగ్గించుకోలేరు, వచ్చే ఏడాదికి జమ వేసుకోలేరు. పది చవక కాయిన్లు కొంటే ఒకటైనా పేలుతుందనుకునే వ్యూహాన్ని ఈ ఒక్క నిబంధనే చాలావరకు దెబ్బతీస్తుంది, ఎందుకంటే గెలిచిన దానిపై పూర్తి పన్ను, ఓడిన తొమ్మిదింటికి ఏ ఊరటా లేదు. 2022 జులై నుంచి అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటున్నారు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం (ఎఫ్ఐయూ) దగ్గర నమోదైన ఎక్స్ఛేంజ్‌లోనే కొనండి. అయినా నమోదు ఉన్నంత మాత్రాన డబ్బు భద్రం కాదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో దొంగతనానికి గురైంది. పోయినవాటిలో షిబా ఇను వాటానే పెద్దది. అమెరికాలో ఉన్న మనవారికి నిబంధనలు వేరు. అక్కడ ఏడాదికి మించి ఉంచుకున్నదానికి పన్ను రేటు తగ్గుతుంది, నష్టాలను లాభాల్లో తగ్గించుకోవచ్చు.

ఇప్పటికే కొని ఉంటే

ఎంతకు కొన్నారన్నది కాసేపు మరచిపోండి. ఇప్పుడు దాని విలువ ఎంతో అంత నగదు చేతిలో ఉంటే, పై లెక్క అంతా చూశాక ఇదే కాయిన్ కొంటారా అని అడగండి. కొంటానంటే ఉంచుకోండి. కొననంటే అమ్మడానికి ధర రూపాయి కావాలని ఎదురుచూడకండి. రెండో అడుగులోని భాగహారంలో వచ్చిన అసలు హద్దును, దానికి సగం ధరను కాగితం మీద రాసి, సగం ధర దగ్గర కొంత అమ్మేలా ఎక్స్ఛేంజ్‌లో ఇప్పుడే ఆర్డరు పెట్టండి. ధర పరుగెత్తే రోజున ఆ నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం. బంగారం తాకట్టు మీద తెచ్చిన డబ్బయితే హద్దు దాకా ఆగవద్దు. ముందు ఆ అప్పు తీరేంత అమ్మి, నగలు ఇంటికి తెచ్చుకోండి. తాకట్టు వడ్డీ ప్రతి నెలా పెరుగుతూనే ఉంటుంది, కాయిన్ మాత్రం వడ్డీ ఇవ్వదు.